మయన్మార్‌లో క్రాస్‌బో వేట: ఆయుధం, కాలం, చట్టం

క్రాస్‌బో అంటే తుపాకీ మడమ వంటి కొయ్యదిమ్మకు అడ్డంగా బిగించిన విల్లు. మామూలు వింటిలో నారిని లాగి పట్టుకొనే భారం గురి చూసినంతసేపూ వేటగాని భుజం మీదనే ఉంటుంది. క్రాస్‌బోలో నారిని ఒకసారి వెనక్కి లాగి దిమ్మ మీది గంటుకు తగిలిస్తే, మీట నొక్కేదాకా అది అక్కడే నిలిచి ఉంటుంది. ఈ ఒక్క తేడా వల్లనే దీనిని వింటితో కలిపి లెక్కించాలా, తుపాకీ పక్కన నిలబెట్టాలా అనే వివాదం పుట్టింది. జంతువులను వేటాడటానికి ఒక్కొక్క ఆయుధానికి ఒక్కొక్క కాలాన్ని కేటాయించే దేశాలలో, ముఖ్యంగా అమెరికాలో, విలుకాండ్రకు ప్రత్యేకించిన వేట కాలంలోకి క్రాస్‌బోను అనుమతించడం తగునా అన్న ప్రశ్న దశాబ్దాలుగా నలుగుతోంది. యాంగోన్ నగరం కేంద్రంగా వేట చట్టాలు రూపుదిద్దుకొన్న మయన్మార్‌లో ఇదే ప్రశ్న వేరొక రూపంలో ఎదురవుతుంది. అక్కడి ఉత్తర, తూర్పు కొండలలో క్రాస్‌బో వినోదపు వేటగాళ్ళు ఈ మధ్య చేపట్టిన పరికరం కాదు, తరతరాలుగా కొండజాతుల ఇళ్ళలో గోడకు వేలాడుతూ వచ్చిన పనిముట్టు. అందుచేత ఆయుధాన్ని బట్టి వేట కాలాన్ని నిర్ణయించడం ఎంతవరకు సమంజసమో పరిశీలించడానికి మయన్మార్ అనుభవం చక్కగా ఉపకరిస్తుంది.

నిర్మాణం, పనితీరు

ఆగ్నేయాసియా కొండలలో వాడే క్రాస్‌బోలో ఇనుము దాదాపు ఉండదు. విల్లుగా వంగే బద్ద గట్టి కొయ్యతో, దిమ్మ మరొక కొయ్యతో, నారి జనపనార వంటి మొక్కల పీచుతో తయారవుతాయి. బాణం సన్నని వెదురు పుల్ల. దాని తోకకు పక్షి ఈకలకు బదులు మడతపెట్టిన ఆకు ముక్కనో వెదురు పొరనో అమరుస్తారు. దిమ్మ పైభాగంలో బాణం కూర్చోవడానికి సన్నని గాడి, నారి తగులుకోవడానికి అడ్డంగా ఒక గంటు ఉంటాయి. గంటు కింద ఉండే కొయ్య లేదా ఎముక మీటను వేలితో లాగినప్పుడు అది నారిని పైకి నెట్టి గంటు నుంచి తప్పిస్తుంది. ప్రాచీన చైనా సైనికులు వాడిన క్రాస్‌బోలలో ఇందుకు మూడు నాలుగు భాగాలు గల కంచు యంత్రం ఉండేది. కొండల క్రాస్‌బోలో ఆ పనంతా ఒక్క మీటే చేస్తుంది కనుక, దానిని తయారుచేయడానికి కమ్మరి సాయం అక్కరలేదు, కత్తి ఉంటే చాలు.

నారి ఎక్కించడానికి వేటగాడు బద్దను కాళ్ళతో అదిమిపట్టి రెండు చేతులతో నారిని వెనక్కి లాగుతాడు. ఒక బాణం వదిలిన తరువాత మరొక బాణం సిద్ధం చేయడానికి కొంత సమయం పడుతుంది గనుక మొదటి బాణమే గురి తప్పకుండా తగలాలి. బాణం తేలికైనది, ఎక్కువ దూరం బలంగా పోదు. అందుచేత వేటగాడు జంతువుకు కొద్ది పదుల మీటర్ల దూరంలోకి చప్పుడు లేకుండా చేరుకోవలసి ఉంటుంది.

నేటి కర్మాగారాలలో తయారయ్యే వేట క్రాస్‌బో స్వభావం ఇందుకు భిన్నం. దాని బద్దలు ఫైబర్‌గ్లాసు, కార్బన్ వంటి మిశ్రమ పదార్థాలతో తయారవుతాయి, నారి కప్పీల మీదుగా తిరుగుతుంది, దిమ్మ మీద దుర్భిణి బిగించి ఉంటుంది, నారిని లాగడానికి చేతితో తిప్పే మర కూడా ఉంటుంది. బాణం సెకనుకు 120 మీటర్లకు మించిన వేగంతో వెళ్ళే నమూనాలు బజారులో ఉన్నాయి. ఈ రెండింటినీ ఒకే పేరుతో పిలిచినా, వేటగాని నుంచి అవి కోరే శ్రమలో, నేర్పులో ఎంతో అంతరం ఉంది. చట్టం ఈ అంతరాన్ని గుర్తించకపోతే ఒకదాని కోసం రాసిన నియమం రెండవదానికి అన్యాయం చేస్తుంది.

చారిత్రక నేపథ్యం

క్రీస్తుపూర్వం 4వ శతాబ్దం నాటికే చైనా రాజ్యాల యుద్ధాలలో క్రాస్‌బో విరివిగా వాడుకలోకి వచ్చింది. షియాన్ సమీపంలో బయటపడిన చిన్ చక్రవర్తి మట్టిసైన్యపు గోతులలో దాని కంచు మీటలు దొరికాయి. కంబోడియాలోని బయోన్ ఆలయ శిల్పాలలో ఏనుగుల మీద అమర్చిన పెద్ద క్రాస్‌బోలు కనిపిస్తాయి. వియత్నాం పురాగాథలలో కోలోవా కోటను కాపాడిన మహిమగల క్రాస్‌బో కథ ప్రసిద్ధం. ఐరోపాలో 1139 నాటి రెండవ లేటరన్ మతసభ క్రైస్తవుల మీద విలుకాండ్రనూ క్రాస్‌బో యోధులనూ ప్రయోగించరాదని శాసించింది. ఆ శాసనం రెండింటినీ ఒకే గాట కట్టిందన్న విషయం నేటి వివాదం దృష్ట్యా గమనించదగినది. రాజ్యాల సైన్యాలు తుపాకులకు మారిన తరువాత కూడా యునాన్ నుంచి మయన్మార్, లావోస్, థాయిలాండ్, వియత్నాం కొండల వరకు గ్రామీణ వేటలో క్రాస్‌బో నిలిచి ఉంది. చైనాలో జరిగే అల్పసంఖ్యాక జాతుల సంప్రదాయ క్రీడలలో క్రాస్‌బో పోటీ నేటికీ ఒక అంశం.

మయన్మార్ కొండజాతుల వేట

మయన్మార్‌లో లీసు, రవాంగ్, కరెన్ మొదలైన జాతులు క్రాస్‌బోను వాడినట్లు బ్రిటిష్ కాలపు గ్రంథాలు నమోదు చేశాయి. ఆర్చిబాల్డ్ రోజ్, జె. కాగిన్ బ్రౌన్ కలిసి 1910లో బర్మా-చైనా సరిహద్దులోని లీసు జాతి మీద ప్రచురించిన అధ్యయనం, హ్యారీ మార్షల్ 1922లో కరెన్ ప్రజల గురించి వెలువరించిన గ్రంథం ఈ విషయంలో ముఖ్యమైన ఆధారాలు. బర్మీయ భాషలో ఈ ఆయుధాన్ని దూలే అంటారు.

ఉత్తరాన కచిన్ రాష్ట్రంలోని పుటావో ప్రాంతం యాంగోన్‌కు వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో, హిమాలయాల తూర్పు కొసన ఉంది. అక్కడి 5,881 మీటర్ల హకాబో రాజీ శిఖరం చుట్టూ ఉన్న అడవిని 1998లో జాతీయ వనంగా ప్రకటించారు. 1990ల దశకంలో అక్కడ సర్వే జరిపిన అమెరికన్ జీవశాస్త్రవేత్త ఆలన్ రాబినోవిట్జ్ బృందం వేటగాళ్ళ ఇళ్ళలో దాచిన పుర్రెలను, చర్మాలను పరిశీలిస్తూ అంతవరకు శాస్త్రలోకానికి తెలియని ఒక చిన్న జింకను గుర్తించింది. పెద్ద ఆకులో చుట్టవచ్చునన్నంత చిన్నది కావడంతో ఆకు జింకగా పేరుపడిన ఆ జంతువును 1999లో పుటావో పేరు మీదుగా కొత్త జాతిగా వర్ణించారు. శాస్త్రజ్ఞులకు తెలియని జంతువు వేటగాళ్ళకు తరతరాలుగా తెలిసి ఉండటాన్ని బట్టి, అడవి గురించిన జ్ఞానం మొదట వారి దగ్గరే ఉందని, రక్షణ ప్రణాళికలు వారిని పక్కనపెట్టి సాగలేవని స్పష్టమవుతుంది.

అదే పర్యటనలలో రాబినోవిట్జ్ మరొక విషయాన్ని కూడా గమనించాడు. మారుమూల రవాంగ్ గ్రామాలకు అత్యవసరమైన ఉప్పును చైనా వైపు నుంచి వచ్చే వర్తకులు తెచ్చి, దానికి బదులుగా అడవి జంతువుల అవయవాలను, చర్మాలను తీసుకొనేవారు. గ్రామాలకు ఉప్పు అందించే ఏర్పాటు ఉంటే వేట తగ్గుతుందని ఆయన సూచించాడు. వేట పరిమాణాన్ని ఆయుధం కన్నా అవసరమూ బేరమూ ఎక్కువగా శాసిస్తాయనడానికి ఇది బలమైన ఉదాహరణ. హకాబో రాజీ వనానికి ఆనుకొని ఉన్న అడవులలో వేట తీరు మీద 2005లో ఓరిక్స్ పత్రికలో వెలువడిన అధ్యయనం కూడా సరిహద్దు వ్యాపారమే వేటకు ప్రధాన ప్రేరణల్లో ఒకటిగా చూపింది.

విషబాణాలు

తేలికైన వెదురు బాణం పెద్ద జంతువును పడగొట్టలేదు కాబట్టి కొండల వేటగాళ్ళు బాణపు మొనకు విషం పూసేవారు. చల్లని ఉత్తర కొండలలో వత్సనాభి జాతి మొక్కల దుంపల నుంచి, వెచ్చని దక్షిణ అడవులలో ఉపాస్ చెట్టు పాల నుంచి ఈ విషం లభిస్తుంది. వత్సనాభి విషం గుండె లయను, నరాల పనిని చెదరగొడుతుంది. ఉపాస్ పాలలోని పదార్థాలు గుండె కండరాన్ని దెబ్బతీస్తాయి. ఆయుర్వేదంలో శుద్ధిచేసిన వత్సనాభిని ఔషధంగా వాడటం తెలుగు పాఠకులకు తెలిసినదే. శుద్ధి చేయని దుంప మాత్రం అతి స్వల్ప మోతాదులోనే ప్రాణాంతకం.

వేట నీతి దృష్ట్యా విషం రెండు విధాల చిక్కు తెస్తుంది. బాణం తగిలిన జంతువు కొంత దూరం పరుగెత్తి పడిపోతుంది, జాడ తీయడంలో వేటగాడు విఫలమైతే అది వృథాగా చస్తుంది. మరోవైపు, విషం లేని బలహీనమైన బాణం గాయం చేసి వదిలేస్తుంది, ఆ గాయంతో జంతువు రోజుల తరబడి బాధపడవచ్చు. పాశ్చాత్య దేశాల విలువేట నియమాలు వెడల్పైన పదునుగల ఇనుప మొనను కోరేది, త్వరగా రక్తస్రావం జరిగి జంతువు తక్కువ సమయంలో ప్రాణం విడవాలనే ఉద్దేశంతోనే. కాబట్టి కొండల క్రాస్‌బోను సంప్రదాయమన్న కారణంతో తప్పులేనిదిగా చూపడం కూడా సరికాదు, దాని చేటును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

యాంగోన్ కేంద్రంగా ఎదిగిన చట్టం

ఉత్తరాంధ్ర పల్లెల నోట రంగంగా పలికిన నాటి రంగూన్, నేటి యాంగోన్, బ్రిటిష్ బర్మా పాలనకు కేంద్రం. 1856లో డీట్రిచ్ బ్రాండిస్ పెగూ టేకు అడవుల పర్యవేక్షకుడిగా నియమితుడవడంతో అక్కడ శాస్త్రీయ అటవీ పాలన మొదలైంది. బ్రిటిష్ ఇండియాలో బర్మా ఒక రాష్ట్రంగా ఉన్న కాలంలో 1879 నాటి ఏనుగుల సంరక్షణ చట్టం, 1912 నాటి అడవి పక్షుల, జంతువుల రక్షణ చట్టం అక్కడ కూడా వర్తించాయి. 1912 చట్టం ఒక్కొక్క జాతికి వేట నిషిద్ధ కాలాన్ని ప్రకటించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. జంతువులు ఈనే, పిల్లలను పెంచే నెలలలో వాటిని చంపరాదన్నది దాని సారాంశం. బర్మా వేట వార్డెన్‌గా పనిచేసిన ఇ.హెచ్. పీకాక్ 1933లో ఆ దేశపు వేట జంతువుల మీద సమగ్రమైన గ్రంథం ప్రచురించాడు. ఆ తరువాత 1936లో బర్మా వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది.

ఆయుధాల విషయంలో 1878 నాటి ఆయుధ చట్టం ప్రత్యేకంగా పరిశీలించదగినది. ఆ చట్టం ఆయుధాలను నిర్వచిస్తూ తుపాకులు, కత్తులు, బల్లేలతో పాటు విల్లంబులను కూడా పేర్కొన్నది. పాలకుల దృష్టిలో విల్లు కూడా శాంతిభద్రతల సమస్యే. ఆ చట్టానికి వేట నీతితో గాని, జంతువుల సంఖ్యతో గాని సంబంధం లేదు. భారతదేశంలో 1959లో కొత్త ఆయుధ చట్టం దాని స్థానంలోకి వచ్చింది, మయన్మార్ చట్ట సంపుటిలో పాత చట్టమే కొనసాగింది.

స్వతంత్ర మయన్మార్‌లో 1994 జూన్‌లో వచ్చిన వన్యప్రాణుల, వన్యవృక్షాల రక్షణ, ప్రకృతి ప్రాంతాల సంరక్షణ చట్టం 1936 చట్టాన్ని తొలగించి, జంతువులను మూడు తరగతులుగా విభజించింది. సంపూర్ణ రక్షణ పొందే జాతులను ఎప్పుడూ చంపరాదు. సాధారణ రక్షణ పొందే జాతుల విషయంలో అనుమతి అవసరం. కాలానుగుణ రక్షణ పొందే జాతులకు సంవత్సరంలో నిర్ణీత నెలలలో మాత్రమే రక్షణ ఉంటుంది. సంపూర్ణ రక్షణ గల జంతువును చంపినవారికి 7 సంవత్సరాల వరకు జైలు, 50,000 క్యాట్‌ల వరకు జరిమానా ఉండేవి. 2018 మే నెలలో వచ్చిన జీవవైవిధ్య, రక్షిత ప్రాంతాల సంరక్షణ చట్టం ఇదే మూడు తరగతుల విధానాన్ని కొనసాగిస్తూ, సంపూర్ణ రక్షణ గల జాతుల విషయంలో శిక్షను 3 నుంచి 10 సంవత్సరాల జైలుకు పెంచింది.

ఈ చట్టాల వరుసలో ఒక మూలసూత్రం కనిపిస్తుంది. మయన్మార్ వేట కాలాన్ని జంతువును బట్టి నిర్ణయించిందే తప్ప, విల్లుకు ఒక కాలం, క్రాస్‌బోకు ఒక కాలం, తుపాకీకి ఒక కాలం అని ఆయుధాల వారీగా విభజించలేదు. అందుచేత ‘విలువేట కాలంలో క్రాస్‌బో ఉండవచ్చునా’ అన్న ప్రశ్న అక్కడి చట్టంలో నేరుగా తలెత్తదు. దాని స్థానంలో మరింత లోతైన ప్రశ్న తలెత్తుతుంది. నిషిద్ధ నెలలలో కొండ గ్రామాల మనిషి క్రాస్‌బో పట్టుకొని అడవికి పోతే అతడిని నేరస్థుడిగా చూడాలా, జీవనాధారం కోసం వెళ్ళినవాడిగా చూడాలా అన్నదే ఆ ప్రశ్న.

యాంగోన్ నగరవాసికి వన్యమృగాలతో పరిచయం ఎక్కువగా 1906లో ఏర్పడిన జంతుప్రదర్శనశాలలోనూ, 1982లో నగరానికి ఉత్తరాన నెలకొల్పిన హ్లోగా వనంలోనూ కలుగుతుంది. హ్లోగాలో కణుజులు, మొరిగే జింకలు, థమిన్ అనే జింకలు స్వేచ్ఛగా తిరుగుతాయి. 2005లో రాజధాని నేపిడాకు మారేదాకా అటవీశాఖ ఉత్తర్వులు వెలువడింది యాంగోన్ నుంచే. జంతువును కంచె వెనుక చూసే నగరం రాసిన నియమం, జంతువుతో ఒకే కొండ మీద బతికే ఊరికి వర్తించేటప్పుడు ఏర్పడే దూరం చిన్నది కాదు.

విలువేట కాలం: అమెరికా, ఐరోపా దేశాల వివాదం

ఆయుధాన్ని బట్టి వేట కాలాన్ని విభజించే పద్ధతి అమెరికాలో బలపడింది. 1934లో విస్కాన్సిన్ రాష్ట్రం విలుకాండ్రకు జింక వేట కోసం ప్రత్యేక కాలాన్ని తొలిసారిగా ఏర్పరచింది. వింటితో జంతువును చంపడం కష్టం, విజయం సాధించేవారు తక్కువ, కాబట్టి వారికి ఎక్కువ రోజులు ఇచ్చినా జింకల సంఖ్యకు ముప్పు లేదన్నది ఆ ఏర్పాటు వెనుక ఉన్న తర్కం. ఎక్కువ శ్రమకు ఎక్కువ సమయం అన్న ఈ ఒప్పందమే విలువేట కాలానికి పునాది.

1960ల చివర హాలిస్ విల్బర్ ఆలెన్ పేటెంటు పొందిన కాంపౌండ్ విల్లు, అంటే కప్పీలతో నారి బరువును తగ్గించే విల్లు, ఈ పునాదిని మొదట కదిలించింది. విలుకాండ్రలో అధిక సంఖ్యాకులు దానిని స్వీకరించారు, చట్టాలు కూడా దానిని విల్లుగానే గుర్తించాయి. తరువాత క్రాస్‌బో వంతు వచ్చింది. ఆర్కన్సా, ఒహాయో వంటి రాష్ట్రాలు 1970ల దశకంలోనే దానికి చోటిచ్చాయి. అనేక రాష్ట్రాలు మొదట్లో భుజబలం లేని వికలాంగులకు, వృద్ధులకు మాత్రమే అనుమతించి, తరువాత అందరికీ విస్తరించాయి. పెన్సిల్వేనియా 2009లో ఆ దారి పట్టింది. విస్కాన్సిన్ 2014లో క్రాస్‌బోకు వేరే అనుమతిపత్రం ఏర్పరచి, విలువేట కాలంతో పాటే దాని కాలాన్ని కూడా నడిపింది. ఒరెగాన్ మాత్రం క్రాస్‌బోతో వేటను పూర్తిగా నిషేధించింది. విలువేటలో సాధించిన పెద్ద కొమ్ముల రికార్డులను నమోదుచేసే పోప్ అండ్ యంగ్ క్లబ్ 1961 నుంచి పనిచేస్తున్నా, క్రాస్‌బోతో కొట్టిన జంతువులను నమోదు చేయదు.

ఐరోపాలో మరికొన్ని వైఖరులు ఉన్నాయి. బ్రిటన్ 1981 నాటి వన్యప్రాణి, గ్రామీణ ప్రాంతాల చట్టం ద్వారా జంతువులను చంపడానికి వింటినీ క్రాస్‌బోనూ రెండింటినీ నిషేధించింది. ఫ్రాన్స్ 1995 నుంచి వింటి వేటను నియమాలతో అనుమతిస్తూ, క్రాస్‌బోను మాత్రం వేటకు అంగీకరించలేదు. ఇలా ఒకే ఆయుధం ఒకచోట వింటికి తోబుట్టువుగా, ఒకచోట వింటితో పాటే నిషిద్ధంగా, ఇంకొకచోట వింటి నుంచి వేరుపడినదిగా నిలిచింది. ఆయుధపు రూపం నుంచి సహజంగా పుట్టే తీర్పు ఏదీ లేదని, ప్రతి సమాజమూ తన జంతు సంపదను, తన వేట సంస్కృతిని బట్టి తీర్పు ఇచ్చుకుంటుందని దీనిని బట్టి గ్రహించవచ్చు.

ఆయుధ బలం: భౌతిక పరిశీలన

క్రాస్‌బో తుపాకీకి దగ్గరిదా, వింటికి దగ్గరిదా అన్న వాదాన్ని కొంతవరకు లెక్కతో పరిశీలించవచ్చు. గాలి నిరోధాన్ని పక్కనపెడితే, 40 మీటర్ల దూరంలోని జంతువును సెకనుకు 50 మీటర్ల వేగంగల సాదా కొయ్యవింటి బాణం 0.8 సెకనులో, 90 మీటర్ల వేగంగల కాంపౌండ్ వింటి బాణం 0.44 సెకనులో, 120 మీటర్ల వేగంగల ఆధునిక క్రాస్‌బో బాణం 0.33 సెకనులో చేరతాయి. నారి చప్పుడు మాత్రం సెకనుకు సుమారు 340 మీటర్ల వేగంతో 0.12 సెకనులోనే జంతువు చెవికి అందుతుంది. అంటే అత్యాధునికమైన క్రాస్‌బో విషయంలో కూడా జింకకు ఉలికిపడి కదలడానికి సెకనులో ఐదోవంతు మిగులుతుంది. సెకనుకు 800 మీటర్ల వేగంతో వెళ్ళే తుపాకీ గుండు 0.05 సెకనులో తగులుతుంది, జంతువు ఆ చప్పుడు వినేలోగానే దెబ్బ పడిపోతుంది. దూరం, వేగం అనే రెండు కొలతలలో క్రాస్‌బో నిస్సందేహంగా వింటి కుటుంబానికి చెందినదే.

శ్రమను కొలిస్తే చిత్రం మారుతుంది. 32 కిలోల బరువు లాగవలసిన కాంపౌండ్ వింటిలో నారిని పూర్తిగా లాగిన తరువాత, కప్పీల పుణ్యమా అని 80 శాతం బరువు తగ్గి, వేటగాడు పట్టుకోవలసినది 6 కిలోలకు కాస్త ఎక్కువగా ఉంటుంది. సాదా వింటిలో మొత్తం బరువును పట్టుకోవాలి. క్రాస్‌బోలో పట్టుకోవలసిన బరువే లేదు. జంతువు సమీపించినప్పుడు నారిని లాగే కదలిక కూడా ఉండదు. విలువేటలో అత్యంత కష్టమైన ఆ ఘట్టం క్రాస్‌బోతో తప్పిపోతుంది, నేర్చుకోవడానికి పట్టే కాలం కూడా బాగా తగ్గుతుంది. క్రాస్‌బోను వ్యతిరేకించే విలుకాండ్ర వాదంలో సత్యం ఉన్నది ఇక్కడే. ఆయుధం అందుకొనే దూరం పెరగకపోయినా, దానిని పట్టగల మనుషుల సంఖ్య పెరిగితే అడవి మీద పడే భారం పెరుగుతుంది.

తెలుగు నేల, నికోబార్ దీవులు

తెలుగు ప్రాంతపు గిరిజనుల వేట ఆయుధం ప్రధానంగా సాదా విల్లే. నల్లమల చెంచుల విల్లంబులను, గోదావరి కొండల కొండరెడ్ల జీవనాన్ని మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940ల దశకపు గ్రంథాలలో వివరించాడు. విశాఖ మన్యంలో చైత్రమాసంలో జరిగే ఇటుకల పండుగలో మగవారు విల్లంబులతో సామూహికంగా వేటకు వెళ్ళడం ఆచారం. దక్షిణ భారతంలో క్రాస్‌బో పశ్చిమ తీరంలో కనిపించింది, దాని గురించి జేమ్స్ హార్నెల్ 1924లో రాశాడు. మయన్మార్ తీరానికి దక్షిణాన ఉన్న నికోబార్ దీవుల ప్రజలకు కూడా క్రాస్‌బో సంప్రదాయం ఉంది.

భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం, దానికి 1991లో జరిగిన సవరణ కలిసి క్రీడా వేటను పూర్తిగా రద్దుచేశాయి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం గిరిజనులకు అడవి మీద అనేక సంప్రదాయ హక్కులను గుర్తిస్తూ, వేట హక్కును మాత్రం స్పష్టంగా మినహాయించింది. నికోబార్ దీవుల షెడ్యూల్డు తెగల వేట హక్కులకు 1972 చట్టమే ప్రత్యేక మినహాయింపు ఇచ్చింది. అంటే ఒకే దేశంలో చెంచుకు మూసిన తలుపు నికోబారీకి తెరచి ఉంది. ఆ తేడాకు కారణం వారి ఆయుధాలలో లేదు, ద్వీప జీవనపు పరిస్థితిలో, జనసంఖ్యలో ఉంది.

పరికరాన్ని బట్టి వేట కాలాన్ని నిర్ణయించే విధానం తెలుగువారికి అడవిలో తెలియకపోయినా సముద్రం మీద బాగా తెలుసు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు చేపల వేట నిషేధం అమలులో ఉంటుంది. చేపలు గుడ్లుపెట్టే ఆ రోజులలో మరపడవలు, మోటారు పడవలు ఒడ్డుకే పరిమితం కావాలి. తెడ్డుతోనో తెరచాపతోనో నడిచే సంప్రదాయ పడవలకు మినహాయింపు ఉంటుంది. ఈ మినహాయింపుకు పునాది సంప్రదాయం మీది గౌరవం ఒక్కటే కాదు, తెడ్డు పడవ వెళ్ళగల దూరమూ, తేగల చేపల పరిమాణమూ సముద్రం ఓర్చుకోగలిగినంత కావడం. తెడ్డు పడవకు మోటారు బిగించిన నాడు మినహాయింపు పోతుంది. క్రాస్‌బో విషయంలో కూడా ఈ సూత్రం వర్తిస్తుంది. కొండజాతి వేటగాని కొయ్య క్రాస్‌బోకు ఇచ్చే మన్నింపును దుర్భిణి, కప్పీలు బిగించిన కర్మాగార క్రాస్‌బో కేవలం పేరు కలిసినందువల్ల పొందజాలదు.

ఉచ్చులు, వ్యాపారం

ఆగ్నేయాసియా అడవులకు నేడు అతిపెద్ద ముప్పు క్రాస్‌బో కాదు, తీగ ఉచ్చు. మోటారు సైకిలు బ్రేకు తీగతో కూడా చేయగల ఈ ఉచ్చు చవకైనది, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తనలో చిక్కినది సూడిదో పిల్లదో, అనుమతి గల జాతో అంతరించిపోతున్న జాతో చూడదు. కంబోడియా, లావోస్, వియత్నాం రక్షిత ప్రాంతాలలో ఏ సమయంలోనైనా 1.23 కోట్ల ఉచ్చులు ఉండవచ్చని ప్రపంచ వన్యప్రాణి నిధి 2020లో వెలువరించిన నివేదిక అంచనా వేసింది. మయన్మార్ అడవులలో కూడా ఉచ్చుల వాడకం విస్తృతం. క్రాస్‌బో వేటగాడు తాను చూసిన జంతువునే కొడతాడు, కడుపుతో ఉన్న జింకను వదిలిపెట్టే అవకాశం అతనికి ఉంటుంది. ఎంచుకోగల ఈ శక్తిని వేట నియమాలు ఏ సాంకేతిక కొలత కన్నా విలువైనదిగా పరిగణించవలసి ఉంటుంది. కొండల క్రాస్‌బోను నిషేధించి ఉచ్చును పట్టించుకోని పాలన, వేటగాళ్ళను ఎంచుకొనే ఆయుధం నుంచి ఎంచుకోని ఆయుధం వైపు తానే నెట్టినట్లవుతుంది. క్రాస్‌బో చేతిలో కనబడుతుంది, ఉచ్చు ఆకుల కింద దాగి ఉంటుంది గనుక అమలు అధికారికి మొదటిదే సులభంగా దొరుకుతుంది.

2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారాన్ని చేజిక్కించుకొన్న తరువాత చెలరేగిన అంతర్యుద్ధం వల్ల మయన్మార్ సరిహద్దు కొండలలో అటవీ పాలన మరింత బలహీనపడింది. నగరంలో రాసిన కాలపట్టిక అమలు కావాలంటే అడవిలో దానిని పాటించే జనం ఉండాలి. అటువంటి పరిస్థితిలో గ్రామ పెద్దలు, స్థానిక జాతుల సంఘాలు తమంతట తాము అంగీకరించుకొన్న వేట విరామమే నిలబడగలదు.

నిర్ణయానికి ప్రమాణాలు

విలువేట కాలంలో క్రాస్‌బోకు చోటు ఉండాలా వద్దా అన్న ప్రశ్నకు మూడు విషయాలు ఆధారం కావాలి. మొదటిది జంతువుల సంఖ్య. అమెరికాలో తెల్లతోక జింకలు 3 కోట్లకు అటూఇటూగా ఉన్నట్లు అంచనాలు చెబుతాయి, కొన్ని రాష్ట్రాలలో వాటిని తగ్గించడమే సమస్య. అక్కడ క్రాస్‌బోను అనుమతించడం వల్ల జాతికి ప్రమాదం లేదు. ఆకు జింక వంటి జంతువు కొద్దిపాటి కొండప్రాంతాలకే పరిమితమైనచోట నిదానమైన ఆయుధం కూడా ప్రమాదకరమే. రెండవది లెక్క. ప్రతి అనుమతిపత్రాన్నీ, కొట్టిన ప్రతి జంతువునూ నమోదుచేసే వ్యవస్థ ఉన్నచోట, క్రాస్‌బో వల్ల వేట మితిమీరితే మరుసటి ఏడాది వేట రోజులను తగ్గించవచ్చు. ఆ నమోదు లేనిచోట తప్పు జరిగినట్లు తెలిసేసరికి అడవి ఖాళీ అవుతుంది. మూడవది వేట ప్రయోజనం. కుటుంబం తినడానికి చేసే వేట కడుపు నిండాక ఆగుతుంది, సరిహద్దు దాటించే వ్యాపారం కోసం చేసే వేటకు అటువంటి ఆగుబాటు లేదు.

ఈ మూడింటినీ కలిపి చూస్తే ఆధునిక క్రాస్‌బోకు, జంతువులు సమృద్ధిగా ఉండి లెక్క పక్కాగా సాగే దేశాలలో, వేరే అనుమతిపత్రంతో, విలువేట కాలంలో చోటు ఇవ్వడం న్యాయమే. అలా చేసినప్పుడు బలహీనమైన భుజాలవారికి వేట అందుబాటులోకి వస్తుంది, దాని ప్రభావం కూడా విడిగా తెలుస్తుంది. మయన్మార్‌లో కొండజాతుల కొయ్య క్రాస్‌బోను వింటితో సమానంగా చూడాలి. అనుమతించిన జాతుల వరకు, అనుమతించిన నెలల వరకు, తిండి అవసరం వరకు దానికి చట్టబద్ధమైన చోటు కల్పించి, వ్యాపార వేటనూ తీగ ఉచ్చులనూ కఠినంగా అరికట్టాలి. అప్పుడు వేటగాడు అటవీ సిబ్బందికి భయపడి దాక్కొనే బదులు, ఏ కొండలో ఏ జంతువు ఎంత మిగిలిందో చెప్పే మొదటి సాక్షి కాగలడు. ఆకు జింక సంగతి శాస్త్రలోకానికి తెలిసింది అటువంటి సాక్ష్యం వల్లనే కనుక, ఇది ఆచరణకు అందని ఆశ కాదు.